ఆ తర్వాతి షాట్ ఏదీ?

కరీంనగర్, ఆదిలాబాద్ కుర్రకారుకి నేను కొత్తగా సినిమా పాఠాలు చెప్పేదేముంది! మొదటి రోజు మొదటాటకే వెళ్లి, ఇంటర్వెల్ కాకముందే "సెకండాఫ్‌లో కత్తెర పడాలె" అని తీర్పు చెప్పేస్తారు. ఫైటింగ్‌లో దూకింది హీరోనా, డూపా అన్నది బాల్కనీలోంచే పసిగడతారు. అంత చురుకైన కళ్లు, హాలు దాటి బయటికొచ్చి చేతిలో ఫోను చూడగానే ఎందుకు మూతపడతాయో... అదే నాకు అంతుపట్టని ముచ్చట!

2018 ఎండాకాలం గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఊరూరా పొక్కింది. కొత్త ముఖం కనబడితే చాలు, కొట్టారు. హైదరాబాద్‌లో కూడా అమాయకుల ప్రాణం పోయింది. అప్పుడు దేశంలో తెగ తిరిగిన వీడియో ఒకటుంది. మోటారుసైకిల్ మీద ఇద్దరొచ్చి, వీధిలో ఆడుకుంటున్న పసివాణ్ణి ఎత్తుకుపోతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. తీరా అది ఎక్కడిదీ? కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం! అసలు దాంట్లో వాళ్లు బండి తిప్పుకొచ్చి పిల్లవాణ్ణి దింపేస్తారు. జాగ్రత్తగా ఉండమని ఓ అట్ట కూడా చూపిస్తారు. ఎవరో మహానుభావుడు ఆ చివరి ముక్క కోసేసి వదిలాడు. కత్తెర ఎక్కడ పడితే కథ ఎటు తిరుగుతుందో మనకన్నా ఎవరికి బాగా తెలుసు? "ఆ తర్వాతి షాట్ ఏదీ?" అని అడిగినవాడే లేకపోయాడు.

గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, డప్పూ పాటా పెట్టించి మరీ ఈ సంగతి జనానికి చెప్పించారు. సెభాష్! ఆ జూలైలోనే వాట్సాప్ కూడా మన దేశంలో ఏ సందేశాన్నయినా ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి ప్రకటించింది.

నన్నడిగితే, తీసేవాళ్ల పక్కన నిలబడి చూడటమే దీనికి అసలు మందు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి (పాత కరీంనగర్ జిల్లాయే లెండి) సంగతి చూడండి. శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలెట్టాక ఆ ఊళ్లో వాకిలే సెట్టు, పక్కింటివాళ్లే తారాగణం. చదువురాని గంగవ్వ, డైలాగు చెబితే విని తన యాసలో దంచేస్తుంది. 'మల్లేశం' (2019) లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ ఇంటికీ వెళ్లి, ఒంట్లో బాగాలేక మధ్యలోనే వచ్చేసింది. నవ్వొచ్చే తిట్టు కూడా ముందే అనుకున్నదేనని తెలిసిన కంటికి, రోజంతటి గొడవను గంటలో చూపిస్తే, మిగతా ఇరవై మూడు గంటల్లో ఏం జరిగిందన్న ఆరా పుట్టదూ?

ఆ ఆరా నాకూ అంటుకుంది. వసూళ్ల పోస్టరు చూస్తే "గ్రాసా, షేరా?" అంటాను. పన్నులూ హాలు ఖర్చులూ పోగా మిగిలేది షేరు, కానీ పెద్దక్షరాల్లో పడేది గ్రాసు! యూట్యూబ్‌లో ఒకాయన తలనూనెను తెగ మెచ్చుకుంటుంటే "ప్రకటన" అన్న చిన్న చీటీ కోసం వెతుకుతాను. డబ్బుచ్చుకుని చెబితే ఆ మాట చెప్పి తీరాలని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే నియమం పెట్టింది మరి. "నీతో కూచుని ఏదీ చూడలేం" అని మా ఇంట్లో గొడవ.

సరదా చచ్చిపోయిందా అంటారా? 'బలగం' (2023) కి వెళ్లాను. కాకి ముట్టే ఘట్టంలో కట్ ఎక్కడ పడిందో, పాట ఎక్కడ ఎత్తుకుందో అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. అయినా కళ్లు తుడుచుకోవడానికి పక్క సీటాయన్ని తువ్వాల అడిగాను. అదప్పటికే తడిసిపోయి ఉంది!