మూత్రపిండానికి చొచ్చుకుపోయిన గాయాలు - కోత లేని చికిత్స

కత్తి, తుపాకీ గుండు వంటివి చర్మాన్ని చీల్చుకొని లోపలికి దిగినపుడు మూత్రపిండానికి కలిగే గాయాన్ని చొచ్చుకుపోయిన గాయం అంటారు. పూర్వం ఇటువంటి రోగులకు సాధారణంగా ఉదరాన్ని కోసి చూసేవారు. ప్రస్తుతం నాడి, రక్తపోటు నిలకడగా ఉన్నవారిని సి.టి. స్కాన్‌తో పరీక్షించి, ఇతర అవయవాలకు శస్త్రచికిత్స అవసరం లేనిచో, కోయకుండా కనిపెట్టి ఉంటున్నారు.

నేపథ్యం

గుండె నుండి వెలువడే రక్తంలో సుమారు ఐదవ వంతు మూత్రపిండాలకు చేరుతుంది. అందువలన వీటి గాయాలలో రక్తస్రావం ఎక్కువ. అయితే మూత్రపిండం చుట్టూ గెరోటా పొర ఉంటుంది. అందులో నిండిన రక్తమే ఒత్తిడి కలిగించి చాలాసార్లు రక్తస్రావాన్ని ఆపుతుంది. శస్త్రచికిత్సలో ఆ పొరను తెరిస్తే ఒత్తిడి తొలగి, చివరకు మూత్రపిండాన్నే తీసివేయవలసి రావచ్చు.

ఉపద్రవాలు, చికిత్స

* ఆలస్యంగా రక్తస్రావం: గాయపడిన కొన్ని రోజులకు లేక వారాలకు మూత్రం మళ్ళీ ఎర్రబడవచ్చు. ధమని గోడ చిరిగి బుడగలా ఉబ్బడం, ధమనికీ సిరకూ మధ్య దారి ఏర్పడడం దీనికి ముఖ్య కారణాలు. తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి, చెడిన శాఖను మాత్రమే లోహపు చుట్టలతో మూసివేస్తారు. బయాప్సీ వలన ఏర్పడిన ఇటువంటి దారిని ధమని లోపలి నుండి మూసిన విషయం 1973లో ప్రచురితమైంది.
* మూత్రం కారడం: చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. తగ్గనిచో మూత్రనాళంలో స్టెంట్ అమరుస్తారు. రెండు కొసలూ వంపు తిరిగిన డబుల్ జె స్టెంట్ 1978లో వెలుగులోకి వచ్చింది.
* చీముగడ్డ: చర్మం ద్వారా గొట్టం వేసి చీము తీసి, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు.

విశ్లేషణ

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరపు గ్రూట్ షూర్ ఆసుపత్రి వైద్యులు ఎంపిక చేసిన తుపాకీ గాయాలకు కూడా ఈ పద్ధతిని అనుసరించి, 2009లో ఫలితాలను ప్రచురించారు. మూత్రపిండ గాయాలను ఐదు తరగతులుగా విభజించే అమెరికా కొలమానం 1989లో రూపొందింది. స్కాన్‌లో కనిపించే రక్తనాళాల గాయాలను 2018లో అందులో చేర్చారు. అనగా కోత అవసరమా కాదా అన్న నిర్ణయంలో స్కాన్ పాత్ర పెరిగింది.

రక్తపోటు పడిపోతున్న రోగికి, ప్రధాన రక్తనాళం తెగిన రోగికి శస్త్రచికిత్స తప్పనిసరి కావచ్చు. మిగిలినవారిలో మూత్రపిండం దక్కడం గాయం తీవ్రతపైనే గాక ఆసుపత్రి వసతులపై కూడా ఆధారపడుతుంది. ధమనిని లోపలి నుండి మూయగల నిపుణుడు, పరికరాలు లేనిచోట రక్షించదగిన మూత్రపిండాన్ని కూడా తొలగించవలసి రావచ్చు. కావున నిలకడగా ఉన్న రోగిని సకాలంలో అటువంటి వసతి గల ఆసుపత్రికి తరలించడం, ఇంటికి వెళ్ళిన తరువాత మూత్రం ఎర్రబడితే వెంటనే తిరిగి రావాలని చెప్పడం కూడా చికిత్సలో భాగమే.