పైవాళ్ల తప్పుకు కిందివాళ్లకు కోతా?

మన తెలుగువాడు ఓ పెద్ద అమెరికన్ కంపెనీకి సీఈఓ అయ్యాడనగానే వాట్సాప్ గ్రూపులన్నీ అభినందనలతో నిండిపోతాయి. సంతోషమే, తప్పేం లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక తీసుకునే నిర్ణయాల గురించి అవే గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాడిగా, నాయకుడు మారాడంటే నేను చూసేది ఒక్కటే. కొత్త వ్యూహం బెడిసికొడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

దీనికి మేముండే సియాటిల్ ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం రెడ్మండ్‌లో ఉంది. జపాన్ కంపెనీ నింటెండోకు అమెరికా ప్రధాన కార్యాలయమూ ఆ ఊళ్లోనే. రెండూ వీడియో గేమ్ కన్సోళ్లు అమ్మే కంపెనీలే. ఇంచుమించు ఒకే సమయంలో రెండూ దెబ్బతిన్నాయి, రెండింట్లోనూ నాయకులు మారారు. ఆ తర్వాతి దారులే వేరు.

ముందు ఎక్స్‌బాక్స్ సంగతి. 2013 మేలో ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు ఆ విభాగానికి అధిపతి డాన్ మాట్రిక్. రోజుకోసారైనా ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వాలన్న షరతు, సెకండ్ హ్యాండ్ డిస్కులపై ఆంక్షలు చూసి ఆటగాళ్లు మండిపడ్డారు. నెల తిరగకుండానే కంపెనీ వెనక్కి తగ్గింది. జూలైలో మాట్రిక్ మరో కంపెనీకి వెళ్లిపోయారు. నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లకు, పోటీగా సోనీ ప్లేస్టేషన్ 4 అంతకు వంద డాలర్లు తక్కువకు మార్కెట్లోకి వచ్చాయి. ఆ తరంలో ఎక్స్‌బాక్స్ మళ్లీ కోలుకోలేదు.

2014 ఫిబ్రవరిలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. మార్చిలో ఎక్స్‌బాక్స్ పగ్గాలు ఫిల్ స్పెన్సర్‌కు దక్కాయి. ఈ వ్యాపారాన్ని వదిలించుకోమని అప్పట్లో చాలామంది సలహా ఇచ్చారు. నాదెళ్ల వినలేదు. అది మెచ్చుకోవాల్సిన నిర్ణయమే. పెట్టెలు అమ్మడం కన్నా నెలనెలా చందా కట్టించుకోవడం మేలనుకుని 2017లో గేమ్ పాస్ తెచ్చారు. ఆటల కంపెనీలనూ కొన్నారు. 2014లో మైన్‌క్రాఫ్ట్ సంస్థకు 250 కోట్ల డాలర్లు, ఆ తర్వాత బెథెస్డా మాతృసంస్థకు 750 కోట్లు, 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌కు దాదాపు 6,900 కోట్లు పెట్టారు.

ఆ చివరి కొనుగోలు పూర్తయిన మూడు నెలలకే, 2024 జనవరిలో, గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేశారు. మైక్రోసాఫ్ట్ మార్కెట్ విలువ తొలిసారి 3 లక్షల కోట్ల డాలర్లు తాకిందీ ఆ నెలలోనే. మేలో కొన్ని స్టూడియోలు మూసేశారు. వాటిలో ఒకటైన టాంగో గేమ్‌వర్క్స్ అంతకు ముందు ఏడాదే విమర్శకులు మెచ్చిన ఆటను అందించింది. 2025 జూలైలో కంపెనీ మొత్తమ్మీద సుమారు 9,000 ఉద్యోగాలకు కోత పడింది. అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ నెల చందా 20 డాలర్ల నుంచి 30కి పెరిగింది. అదే ఏడాది జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి నాదెళ్ల పారితోషికం 9.65 కోట్ల డాలర్లు.

ఇప్పుడు నింటెండో. 2002లో అధ్యక్షుడైన సతోరు ఇవాటా స్వయంగా ప్రోగ్రామర్. ఆయన హయాంలో వచ్చిన వీ కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని తర్వాతి వీ యూ మాత్రం కోటీ 36 లక్షల దగ్గరే ఆగిపోయింది. ఘోరమైన ఓటమి. 2014లో ఇవాటా ఐదు నెలలపాటు తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నారు. మరియో సృష్టికర్త మియామోటో వంటి డైరెక్టర్లు 30 శాతం వదులుకున్నారు. ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాళ్లు జనాన్ని మెప్పించే ఆటలు చేయలేరన్నది వాటాదారులకు ఆయన చెప్పిన మాటల సారాంశం.

2015 జూలైలో 55 ఏళ్లకే ఇవాటా కన్నుమూశారు. ఆయన స్థానంలోకి బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చిన తత్సుమీ కిమిషిమా వచ్చారు. తన ముద్ర వేసుకోవాలని పాత పథకాలన్నీ పక్కన పెట్టలేదు. ఇవాటా మొదలుపెట్టిన కన్సోల్‌నే 2017 మార్చిలో స్విచ్ పేరుతో విడుదల చేశారు. అది 15 కోట్లు దాటింది. వీ యూతో పాటు మునిగిపోయిందనుకున్న మరియో కార్ట్ 8, మెరుగులు దిద్దుకుని స్విచ్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆటగా నిలిచింది. ఓడిన కన్సోల్‌పై చేసిన పని ఏదీ వృథా కాలేదు.

నింటెండో కూడా పుణ్యమూర్తేమీ కాదు. 2014లోనే యూరప్ విభాగంలో 130 మందిని తొలగించింది. జపాన్ చట్టాల ప్రకారం అక్కడ ఉద్యోగులను తీసేయడమూ అంత తేలిక కాదు. అంత పెద్ద కంపెనీని కొన్నప్పుడు ఒకే పనికి ఇద్దరు తేలడమూ సహజమే. ఒప్పుకుంటాను. కానీ పైవాళ్లు తమ జీతం తగ్గించుకోవడానికి ఏ దేశంలోనూ చట్టం అడ్డురాదు. నాదెళ్లే 2024లో సైబర్ భద్రతా లోపాలకు బాధ్యతగా తన నగదు బోనస్‌ను తగ్గించమని అడిగారు. అంటే ఆ దారి ఆయనకు తెలుసు. గేమింగ్ లేఆఫ్‌ల విషయంలో అది కనిపించలేదన్నదే నా బాధ.

మనకెందుకీ గోల అంటారా? హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆలోగా కొత్త ఉద్యోగం దొరకాలి, లేదంటే పిల్లల చదువు, ఇంటి లోను మధ్యలో వదిలి సర్దుకోవాలి. నేను గతంలో పనిచేసిన ఒక కంపెనీలో కొత్త వైస్ ప్రెసిడెంట్ వచ్చిన ఆరు నెలలకు మా ప్రాజెక్టు రద్దయింది. టీమ్‌లో వీసా మీద ఉన్న నలుగురూ రోడ్డున పడ్డారు. ఆ ప్రాజెక్టుకు ఆమోదముద్ర వేసిన పెద్దలు మాత్రం బోనస్‌తో సహా అక్కడే ఉన్నారు.

మన సంఘాల సభలకు కార్పొరేట్ పెద్దలను ముఖ్య అతిథులుగా పిలుస్తాం. శాలువా కప్పుదాం, సెల్ఫీ కూడా తీసుకుందాం. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడుగుదాం: "మీ వ్యూహం తప్పితే మొదట కోత పడేది ఎవరికండీ?" మనవాడు కదా అని మొహమాటపడొద్దు. మనవాడు కాబట్టే అడిగే చనువు మనకుంది.