ఎర్ర చెట్టు నేర్చుకునేవాడి బొమ్మ కాదు

సంపాదకులకు,

గత సంచికలో చిత్రకారుడు మాండ్రియన్ మీద వేసిన వ్యాసం, నల్లగీతలూ ఎరుపు, నీలం, పసుపు గళ్లూ రాకముందు ఆయన గీసినవన్నీ ‘చేయి కుదరని రోజుల బొమ్మలు’ అని ఒక్క వాక్యంలో తోసిపారేసింది. ఇది పొరపాటు. 1872లో పుట్టిన మనిషి 1892లోనే ఆమ్‌స్టర్‌డామ్ కళా అకాడమీలో చేరాడు. ‘సాయంత్రం: ఎర్ర చెట్టు’ మొదలుపెట్టిన 1908 నాటికి ఆయనకు 36 ఏళ్లు. ఇంకా చేయి కుదరకపోవడమేమిటి?

ఆ బొమ్మను 1911 నాటి ‘బూడిదరంగు చెట్టు’ పక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో కొమ్మ కొమ్మే, ఆకాశం ఆకాశమే. రెండోదాంట్లో కొమ్మలు విల్లులా వంగాయి; వాటి సందుల్లోనూ కొమ్మకు పట్టించినంత మందంగా రంగు పడింది. ఖాళీ ముందుకొచ్చి కొమ్మతో సమానంగా నిలబడింది. మరుసటి ఏడాది ‘పూసిన ఆపిల్ చెట్టు’లో పువ్వంటూ విడిగా కనబడదు, ఒంపులే మిగిలాయి. తర్వాతి తెల్లగళ్లు వట్టి ఖాళీలు కావని నాకు తెలిసింది ఈ చెట్ల దగ్గరే.

బడిలో డ్రాయింగ్ చెప్పిన రోజుల్లో ఈ మూడు ప్రింట్లూ గోడకు వరసగా అంటించేదాన్ని. చూసి గీయమంటే కొందరు పిల్లలు కొమ్మలు వదిలేసి, మధ్య సందులనే గీసేవారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆయనకు ‘మామూలు బొమ్మలూ వచ్చు’ అని రుజువు చూపడానికే ఈ చెట్లను వాడుకోవడం కూడా అన్యాయమే. వ్యాసంతో ఒక్క గళ్లబొమ్మే అచ్చువేశారు. వచ్చే సంచికలో ఎర్ర చెట్టునూ బూడిదరంగు చెట్టునూ ఒకే పేజీలో వేయండి.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచరు, తెనాలి