చక్కెరను కాల్చేయడమేనా?

టూత్‌పేస్టు తడి ఆరిపోకుండా ఉండేందుకు అందులో సార్బిటాల్ కలుపుతారు. మొక్కజొన్న నుంచి తీసిన పిండిపదార్థాన్ని ముందుగా ఎంజైములు గ్లూకోజ్‌గా విడగొడతాయి. తర్వాత నికెల్ ఉత్ప్రేరకం సాయంతో, అధిక పీడనంలో హైడ్రోజన్‌ను జోడిస్తే ఆ గ్లూకోజే సార్బిటాల్ అవుతుంది.

ఎంజైమ్, లోహం చెరో అంచె పంచుకునే ఈ పద్ధతి కొత్తది కాదు. స్విట్జర్లాండ్‌లో టడ్యూష్ రైక్‌స్టీన్ 1930లలో విటమిన్ సి తయారీకి వేసిన దారీ ఇదే. గ్లూకోజ్‌ను సార్బిటాల్‌గా మార్చడం లోహ ఉత్ప్రేరకం పని. సార్బిటాల్‌లో ఉన్న ఆరు హైడ్రాక్సిల్ సమూహాల్లో సరిగ్గా కావలసినదాన్నే ఎంచి ఆక్సీకరించడం మాత్రం బ్యాక్టీరియాలోని ఎంజైము పని. అంత గురి లోహానికి లేదు. తీవ్రమైన వేడినీ ఆమ్లాన్నీ తట్టుకునే సత్తా ఎంజైముకు లేదు.

ఇంత అనుభవం కళ్లముందే ఉన్నా, మన దేశంలో మొక్కల చక్కెర అనగానే విధానకర్తలకు గుర్తొచ్చేది ఇథనాలే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని 2025లో అందుకున్నాం. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసే సామర్థ్యంతో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కర్మాగారం 2022లోనే ప్రారంభమైంది. చమురు దిగుమతుల భారం తెలిసిన దేశానికి ఇది అవసరమే. కానీ లెక్క చూడాలి. 180 గ్రాముల గ్లూకోజ్‌ను పులియబెడితే సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 92 గ్రాముల ఇథనాల్ వస్తుంది. మిగిలిన 88 గ్రాములూ కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి. దక్కిన ఇథనాల్‌నూ చివరికి ఇంజిన్లో కాల్చేస్తాం.

అదే గ్లూకోజ్‌ను ఎఫ్‌డీసీఏ అనే ఆమ్లంగా మార్చగలిగితే ఆరు కార్బన్ పరమాణువులూ నిలుస్తాయి. సిద్ధాంతరీత్యా 156 గ్రాములు చేతికొస్తాయి. ఈ ఆమ్లంతో చేసే పీఈఎఫ్ ప్లాస్టిక్, సీసాలకు వాడే పెట్‌కు ప్రత్యామ్నాయం. కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్‌లను పెట్ కంటే బాగా అడ్డుకుంటుంది కూడా.

దారి మాత్రం సులువు కాదు. మొదటి అంచెలో గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే ఎంజైము సుమారు 60 డిగ్రీల వేడిలో, ఆమ్లత లేని ద్రావణంలో హాయిగా పనిచేస్తుంది. ఫ్రక్టోజ్ నుంచి నీటి అణువులను తొలగించి హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థంగా మార్చే తర్వాతి అంచెకేమో ఆమ్లం కావాలి, సాధారణంగా 100 డిగ్రీలు దాటిన వేడి కావాలి. రెండింటినీ ఒకే పాత్రలో పెట్టడమంటే ఉప్పూ నిప్పూ కలపడమే. పైగా ఆమ్లం కలిసిన నీటిలో హెచ్‌ఎంఎఫ్ నిలవదు, లెవులినిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా విరిగిపోతుంది. అందుకే నీటిపై మరో ద్రావణిని ఉంచి, పుట్టిన హెచ్‌ఎంఎఫ్‌ను పుట్టినట్టే అందులోకి లాగేసే పద్ధతులపై పరిశోధకులు దృష్టి పెట్టారు. ఆఖరున హెచ్‌ఎంఎఫ్‌ను ఎఫ్‌డీసీఏగా ఆక్సీకరించడానికి బంగారం, ప్లాటినం వంటి లోహాలూ ఉన్నాయి, ఎంజైములూ ఉన్నాయి.

ప్రయోగశాల దాటాక అసలు పరీక్ష ఖర్చు. నెదర్లాండ్స్‌కు చెందిన అవాంటియం, జర్మనీ దిగ్గజం బీఏఎస్ఎఫ్ 2016లో ఎఫ్‌డీసీఏ కోసం చేతులు కలిపాయి. 2019 వచ్చేసరికి బీఏఎస్ఎఫ్ తప్పుకుంది. అవాంటియం పట్టు వదలకుండా డెల్ఫ్‌జైల్‌లో ఏటా 5,000 టన్నుల సామర్థ్యంతో కర్మాగారం కట్టుకుంది. పెట్ పరిశ్రమతో పోలిస్తే ఇది చాలా చిన్నది. దశాబ్దాలుగా చౌకగా తయారవుతున్న పెట్రో రసాయనాలతో కొత్త పరిశ్రమ తొలిరోజే ధరలో పోటీపడలేదు.

మన విధానం చేయూతనివ్వాల్సింది సరిగ్గా ఇక్కడే. ఇథనాల్ తయారీదారుకు చమురు సంస్థల నుంచి ఖాయమైన కొనుగోలు, ముందే ప్రకటించిన ధర ఉన్నాయి. చక్కెర నుంచి రసాయనాలు తీయాలనుకునేవారికి అలాంటి భరోసా లేదు. 2024లో కేంద్రం ఆమోదించిన బయోఈ3 విధానం జీవాధారిత రసాయనాలను ప్రాధాన్య రంగంగా గుర్తించింది. మాట బాగానే ఉంది, కొనేవాడు కావాలి. వరిగడ్డికీ మొక్కజొన్నకూ కొదవలేని తెలుగు రాష్ట్రాలు, ఉత్ప్రేరకాల పరిశోధనలో అనుభవమున్న హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)ను తోడు తీసుకుని ప్రయోగాత్మక కర్మాగారాల కోసం కేంద్రాన్ని గట్టిగా అడగాలి. వాటిలో తయారయ్యే సరుకుకు తొలి కొన్నేళ్లయినా ఇథనాల్ తరహా కొనుగోలు హామీని కేంద్రం ప్రకటించాలి.