ఎన్ని పిక్సెళ్ళు కావాలి మనకి?

కెమెరా కొనదలచిన మన కళాశాల మిత్రులు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెళ్ళు?" అని. ఇది అనవసరపు ప్రశ్న అని నా అభిప్రాయం. లెక్క వేసి చూడండి. ఆల్బంలో పెట్టే 6 × 4 అంగుళాల ఫోటోకి అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800 × 1200, అంటే సుమారు 22 లక్షల పిక్సెళ్ళు చాలు. కత్తిరింపులకని మూడింతలు వేసుకున్నా కోటి దాటదు. మరి ఐదు కోట్లు దేనికండీ, సినిమా హాలు ముందు కట్టడానికా?

పెన్నా ఇసుకలో స్నేహితుల్నీ, మైపాడు అలల్నీ తీయడానికి జేబులోని ఫోనే చాలు. నేలపట్టులో చెట్టుకొమ్మల మీది పెలికాన్లను తీయాలంటేనే వేరే కెమెరా. అందులో చూడవలసింది ఆప్టికల్ జూమ్. కటకాలు కదిలి దూరపు పక్షిని దగ్గరకు తెస్తాయి. డిజిటల్ జూమ్ అంటారే, అది ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే. దానికి డబ్బు పెట్టడం శుద్ధ దండగ.

మెమరీ కార్డు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. 'క్లాస్ 10' అంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు రాసుకోగలదని. మామూలు ఫోటోలకి అది సరిపోతుంది. అసలు భయం నకిలీ కార్డులతోనే. లోపల 8 గిగాబైట్లే ఉన్నా 128 అని కెమెరాకు అబద్ధం చెబుతాయి. ఆ ఎనిమిదీ నిండాక తీసినవి గాలికి పోతాయి, కెమెరా మాత్రం ఏమీ ఎరగనట్టు క్లిక్కుమంటూనే ఉంటుంది. మా కోవూరులో ఒక పెళ్ళి ఫోటోలు ఇలాగే పోయాయి. జీలకర్ర బెల్లం దాకా ఉన్నాయి, తలంబ్రాలు లేవు. మళ్ళీ పోయించగలమా?

కార్డు కొన్న రోజే దాని నిండా ఏవో ఫైళ్ళు నింపి, చివరిదాకా కంప్యూటరులో తెరిచి చూడండి. తెరుచుకోలేదా, రసీదు పట్టుకుని మర్నాడే కొట్టుకి వెళ్ళండి.