వేలాడే స్తంభాన్ని కదపొద్దు!

లేపాక్షి వెళ్లినవాళ్లు వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో ఓ స్తంభం దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడతారు. అది నేలకు పూర్తిగా ఆనదు. తువ్వాలు ఈ పక్కనుంచి ఆ పక్కకు వచ్చేస్తుంది. బ్రిటిష్ హయాంలో ఓ ఇంజినీరు దాని గుట్టు తేల్చాలని కదిపితే చుట్టుపక్కల స్తంభాలూ కదిలాయనీ, హడలిపోయి వదిలేశాడనీ అక్కడివాళ్లు చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, లినక్స్ వాడేవాళ్లు గుర్తుంచుకోదగ్గదే.

లినక్స్‌లో ఆ స్తంభం పైథాన్. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు రాసే భాషే అది. సిస్టమ్ సొంత పనులు చాలావాటికీ అదే ఆధారం. ప్రాజెక్టు కోసం కొత్త వెర్షన్ తెచ్చి సిస్టమ్ పైథాన్ స్థానంలో పెట్టేస్తే ఉబుంటులో టెర్మినలే తెరుచుకోకపోవచ్చు. పాత సెంట్‌ఓఎస్‌లోనైతే సాఫ్ట్‌వేర్లు ఎక్కించే 'యమ్' మూలనపడేది, అదీ పైథాన్‌లో రాసిందే కాబట్టి. రిపేరు చేసే పనిముట్టే పాడైతే ఇంకేం చేస్తారు? పొద్దున్నే ప్రాజెక్టు చూపించాల్సిన కుర్రాడు రాత్రంతా సిస్టమ్‌ను మళ్లీ ఎక్కిస్తూ కూర్చోవాలి. అదే కంప్యూటర్లో ఇంటిల్లిపాది ఫొటోలూ ఉంటే మరీ కంగారు!

ఈ తలనొప్పి లేకుండా 2012లో పైథాన్ 3.3తో 'వెన్వ్' వచ్చింది. ప్రతి ప్రాజెక్టుకూ ఓ ఫోల్డరు, అందులో దానికే సొంతమైన లైబ్రరీలు. లేపాక్షి గుడి ఆవరణలోనే విడిగా కల్యాణమండపం ఉంది చూడండి, అసంపూర్తిగా ఆగిపోయింది. దానివల్ల నాట్యమండపానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఇదీ అంతే. వద్దనుకుంటే ఫోల్డరు తీసేస్తే సరి. స్క్రిప్టును ఆ ఫోల్డరులోని పైథాన్‌తోనే నడిపించాలి, అదొక్కటే షరతు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు పైథాన్‌ను తమతోపాటే తెచ్చుకుంటాయి. బొమ్మలకు ప్రాణం పోసే బ్లెండర్, విండోస్‌లో లిబ్రెఆఫీస్ అలాంటివే. వాటికోసం రాసిన స్క్రిప్టులకు వాటి పైథాన్‌నే వాడితే గొడవుండదు.

2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 అయితే సిస్టమ్ పైథాన్‌లోకి 'పిప్'తో ఏదైనా ఎక్కించబోతే ఒప్పుకోదు. మన సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కీ మూలం డెబియనే. కాదని మొండికేసేవాళ్లకు ఓ దొడ్డిదారి ఉంచారు. దాని పేరే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'! అంతకన్నా ఎలా హెచ్చరిస్తారు?

వెన్వ్ ఫోల్డరును మరోచోటికి జరిపితే మాత్రం సరిగా పనిచేయదు, పాత చిరునామా అందులో రాసి ఉంటుంది. లైబ్రరీల జాబితా ఒకటి దాచుకుని, కొత్త చోట మళ్లీ తయారుచేసుకోవడమే తేలిక.