మావాడి ఓటుకూ విలువ ఉండాలి



అమెరికా అధ్యక్ష ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా "అక్కడి జనానికి ఓటంటే లెక్కలేదు" అని మనవాళ్లు తేల్చేస్తుంటారు. టెక్సాస్‌లో స్థిరపడి, పౌరసత్వం వచ్చిన దగ్గర్నుంచి ఓటు మానని నాకు ఆ మాట న్యాయంగా తోచదు.

2024 నవంబరులో మా పెద్దవాడు ఓటుకు రాలేదు. "టెక్సాస్ ఎలాగూ రిపబ్లికన్లదే కదమ్మా, నేను వేస్తే ఎంత, వేయకపోతే ఎంత?" అన్నాడు. కోపం వచ్చింది గానీ జవాబు దొరకలేదు. 1980 నుంచి ఇక్కడ అధ్యక్ష ఎన్నికల్లో గెలుస్తున్నది ఆ పార్టీయే. ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రంలోని 40 ఎలక్టోరల్ ఓట్లూ వాళ్లవే. ఓడినవారికి పడ్డ లక్షల ఓట్లు అక్కడితో సరి. ఆ రోజుల్లోనే, పోటీ గట్టిగా ఉన్న పెన్సిల్వేనియాలో మా చెల్లెలి ఇంటి తలుపు రోజూ ఎవరో ఒకరు తట్టారు, పోస్టుడబ్బా కరపత్రాలతో నిండిపోయింది. అధ్యక్ష అభ్యర్థి తరఫున మా గుమ్మంలోకి వచ్చి ఓటడిగినవారు ఒక్కరు లేరు. అడగని ఓటును వేయలేదని మావాణ్ణి ఎలా తిట్టను?

పోటీ, వీలు ఉంటే జనం వస్తారు. దేశం మొత్తంమీద 1996 అధ్యక్ష ఎన్నికల్లో ఓటు హక్కున్నవారిలో సగానికి కాస్త మించి మాత్రమే ఓటేశారు. 2020లో, కరోనా భయంలోనూ, మూడింట రెండు వంతుల మంది వేశారు. 1900 తర్వాత అంత ఓటింగ్ ఎన్నడూ లేదు. పోటీ హోరాహోరీగా ఉంది, పోస్టులో ఓటేసే వీలు చాలా రాష్ట్రాల్లో పెరిగింది, జనం కదిలారు. మిన్నెసోటాలో పోలింగ్ రోజున కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. 2024లో అక్కడ నలుగురిలో ముగ్గురు ఓటేశారు. టెక్సాస్‌లో 30 రోజుల ముందే గడువు ముగుస్తుంది. ఇక్కడ 60 శాతం కూడా రాలేదు. మన ఊళ్లలో బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఇంటికొచ్చి పేరు రాసుకుంటారు. ఇక్కడ ఫారం వెతుక్కుని, నింపి పంపుకునే బాధ్యత ఓటరుదే.

దేశం మొత్తంలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థి 2000లో ఒకసారి, 2016లో మరోసారి ఓడిపోయారు. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లల నిరాశ నీతులు చెబితే పోదు. పేరు నమోదు ప్రభుత్వ బాధ్యత కావాలి. ఏ రాష్ట్రంలో పడ్డా ప్రతి ఓటూ దేశం లెక్కలోకి రావాలి. దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టోరల్ ఓట్లు ఇస్తామని కొన్ని రాష్ట్రాలు ఇప్పటికే చట్టం చేసుకున్నాయి. ఒప్పుకున్న రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు గెలుపుకు కావలసిన 270కి చేరితేనే అది అమల్లోకి వస్తుంది. అందులో చేరాలా వద్దా అన్నది తేల్చేది రాష్ట్ర శాసనసభలు. ఆ సభ్యుల పేర్లు కూడా మా బ్యాలెట్‌పైనే, అధ్యక్షుడి పేరుకు కాస్త దిగువన ఉంటాయి.

ఆ రోజు మావాడికి ఇవ్వలేకపోయిన జవాబు ఇదే. వచ్చే ఎన్నికల్లో వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, ఆ దిగువ పేర్ల దాకా చదివిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
డాలస్, టెక్సాస్